బుజ్జికి, నేల మీద నుంచి లేవడం గురించి

విజయనగరం

బుజ్జీ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే ఉంది. "నేను సన్నగానే ఉన్నాను కదమ్మా, నాకెందుకు బరువులు? అవి మగపిల్లల సంగతి" అన్నావు. వెనక కన్నయ్య ఏడుస్తున్నాడు, నీకేమో ఆఫీసు మీటింగుకి వేళవుతోంది, అందుకని అప్పటికి ఊరుకున్నాను. వాడు పడుకున్నాక తీరిగ్గా చదువుతావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మమ్మ పీట మీద నుంచి ఎలా లేచేదో గుర్తుందా? ముందు కుడి అరచెయ్యి మోకాలి మీద ఆనించేది. ఎడమ చెయ్యి గోడ మీదో, గుమ్మం మీదో, నువ్వు దగ్గరుంటే నీ భుజం మీదో వేసేది. ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, "రామా" అని లేచేది. నీకప్పుడు ఆరేళ్ళు. అమ్మమ్మను నేనే లేపానని ఇల్లంతా చెప్పుకుని మురిసిపోయేదానివి. ఆవిడకు అప్పటికి 55 ఏళ్ళు, అంతే. ఆ తరవాత కొన్నాళ్ళకు పీట మానేసి కుర్చీలోకి మారింది. తులసికోట దగ్గర ముగ్గు పెట్టడం పనిమనిషికి అప్పగించింది. 72వ ఏట స్నానాల గదిలో జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది. లేచి నిలబడడానికి కాళ్ళలో సత్తువే లేకపోయింది. 14 నెలలు మంచం మీదే ఉండి వెళ్ళిపోయింది. ఆవిడకు షుగరు లేదు, గుండె జబ్బు లేదు. ఆ 14 నెలలూ పక్కనే ఉన్నాను గనుక చెబుతున్నాను, మా అమ్మను మంచాన పడేసింది విరిగిన ఎముక ఒక్కటే కాదు. అంతకు 17 ఏళ్ళ ముందు నుంచీ మా కళ్ళ ముందే కండ కరిగిపోతూ వచ్చింది. మేమెవరమూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు, "వయసు" అనుకున్నాము.

మూడేళ్ళ కిందట వరలక్ష్మీ వ్రతం నాడు కథ పూర్తయి లేవబోతూ నేనూ మోకాలి మీద చెయ్యి వేశాను. నువ్వు చటుక్కున వచ్చి చెయ్యి అందించావు. నీకు గుర్తుండకపోవచ్చు. నాకు మాత్రం ఒళ్ళు జల్లుమంది. అరచెయ్యి ఆనించిన తీరు, ఆగిన ఆ క్షణం, అచ్చం అమ్మవే. అప్పుడు నాకు 56.

ఆ నెలలోనే మన వీధి చివరి జిమ్ములో చేరాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా అక్కడ ఆడవాళ్ళే ఉంటారు. బడి నుంచి అటే వెళ్ళిపోతాను. నేర్పే అమ్మాయిది మన జిల్లాలోని కొండవెలగాడ. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగు 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిదీ ఆ ఊరే. ముందు కాంస్యం ఇచ్చారు, మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయి డోపింగు పరీక్షలో దొరకడంతో అది రజతమైంది. ఇక శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట సంగతి నీకు చెప్పాలా? ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు వెయిట్‌లిఫ్టింగు పెట్టిందే ఆ ఏడాది. ఈ గడ్డ మీద పుట్టి, మగపిల్లల సంగతి అంటావా తల్లీ?

మొదటి రోజు ఆ అమ్మాయి నాకు బరువు ముట్టుకోనివ్వలేదు. ఒక కుర్చీ తెచ్చి గోడకు ఆనించి వేసింది. "అంచున కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి మేడమ్" అంది. చేతులు కట్టుకున్నాక తెలిసింది, ఇన్నేళ్ళూ నన్ను లేపుతున్నవి నా కాళ్ళు కావని. ఎనిమిదిసార్లు లేచేసరికి తొడలు వణికాయి. మూడు వారాలు అదే పని. తరవాత కుర్చీ తీసేసింది, తరవాత రెండు చేతుల్లో రెండేసి కిలోల డంబెల్స్ పెట్టింది.

ఇప్పుడు నేల మీదున్న ఇనుప రాడ్డును ఎత్తుతున్నాను, రెండు వైపులా బిళ్ళలతో కలిపి 35 కిలోలు. రాడ్డు పిక్కలకు తగిలేంత దగ్గరగా నిలబడాలి. నడుము విల్లులా వంగకుండా, పిరుదులు వెనక్కి తీసి, మోకాళ్ళు కొంచెం వంచి పట్టుకోవాలి. ఇక్కడ ఒక చిన్న రహస్యం ఉంది. రాడ్డును పైకి లాగుతున్నానని అనుకుంటే లేవదు. పాదాలతో నేలను కిందికి తోస్తున్నానని అనుకోవాలి. అప్పుడు అది తనంతట తనే మోకాళ్ళు దాటి వస్తుంది. నా అరచేతుల్లో, వేళ్ళ మొదట్లో నాలుగేసి కాయలు కాశాయి. సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా అవి తగులుతుంటే నాకెంత సంతోషమో చెప్పలేను. నిండు గ్యాసు సిలిండరు సుమారు 30 కిలోలు ఉంటుంది. మొన్న మీ నాన్న ఊళ్ళో లేనప్పుడు గుమ్మంలోంచి వంటింట్లోకి నేనే చేర్చుకున్నాను.

"మన పాతకాలం ఆడవాళ్ళు ఏ జిమ్ముకి వెళ్ళారు, వాళ్ళు గట్టిగా లేరా" అని మీ అత్తగారు అన్నారట. ఆవిడ మాట తీసేయను. కానీ మా అమ్మమ్మ వడ్లు దంచింది, బావి నీళ్ళు చేదింది, కావిళ్ళు మోసింది. అరవయ్యో ఏటికే ఆవిడ నడుము వంగిపోయింది. చాకిరీ వేరు, వ్యాయామం వేరు. చాకిరీలో బరువు మనం ఎంచుకున్నది కాదు, విశ్రాంతి మన చేతిలో లేదు, అందరూ తిన్నాక మిగిలిందే తిండి. జిమ్ములో ఈ వారం 30 కిలోలైతే, అది తేలికయ్యాకే 32. మధ్యలో ఒకటి రెండు రోజులు ఆ కండకు సెలవు. కండ పెరిగేది బరువెత్తిన గంటలో కాదు. తిని పడుకుని విశ్రాంతి తీసుకున్నప్పుడు పెరుగుతుంది.

ఇక నీ సంగతి. సన్నగా ఉన్నావు, నిజమే. పుణెలో యాజ్ఞిక్ అని పెద్ద వైద్యులున్నారు. ఆయనా, ఆయనతో పనిచేసే ఒక బ్రిటిష్ వైద్యుడూ 2004లో తమ కొలతలే అచ్చు వేయించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2. మన దేశంలో చాలామంది ఇలాగే చూడడానికి సన్నగా ఉంటారు, లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. కన్నయ్య కడుపులో ఉన్నప్పుడు నీకు షుగరు వచ్చింది. కాన్పుతో పోయిందని మనమంతా మరిచిపోయాము. అలా వచ్చి పోయిన తల్లులకు తరవాత షుగరు జబ్బు పట్టుకునే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే బుజ్జీ. అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరను దించుకునే పెద్ద గాదె మన కండరమే. పైగా అది పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. గాదె చిన్నదైతే గింజలు వాకిట్లోనే పడి ఉంటాయి. నీ గాదె పెంచుకోమంటున్నాను.

30 దాటిన దగ్గర నుంచి, ఏమీ చేయకపోతే, పదేళ్ళకు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ పోతుంది. 60 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. నెలసరి ఆగిపోయాక మనకు ఎముక కూడా పలచబడుతుంది. బరువు పడితేనే ఎముక గట్టిపడాలని ఒంటికి తెలుస్తుంది. సాయంత్రం నడక మానకు, గుండెకు అది మంచిది. చేతులకూ వీపుకూ మాత్రం నడక సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నడకలాంటి వాటికి తోడు వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయమంటుంది. మగవాళ్ళలా కండలు తిరుగుతాయని నీకు భయం. వాళ్ళ ఒంట్లో ఉండే టెస్టోస్టెరాన్‌లో మనకు పదో వంతు కూడా ఉండదు. మూడేళ్ళుగా ఎత్తుతున్నాను, నా జాకెట్లు నాకు పడుతూనే ఉన్నాయి.

ఆలస్యమైందని మాత్రం అనుకోకు. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళ వయసువాళ్ళ చేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి బలం సగటున 174 శాతం పెరిగింది. అది చదివిన రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను. అమ్మకు 72 ఏళ్ళే కదా.

తిండి విషయం. పొద్దున కాఫీతో సరిపెట్టి, మధ్యాహ్నం చారన్నం తిని ఎత్తితే నీరసం తప్ప ఏమీ రాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మనిషి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీ 54 కిలోలకు 45 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకు ఇంకా కావాలి. గుడ్డులో 6 గ్రాములే ఉంటాయి, గ్లాసు పాలలో దాదాపు అంతే. పప్పు పలచగా కాకుండా ముద్దగా వండుకో. పెరుగు, సెనగలు, పల్లీలు, చేపలు, ఏవి దొరికితే అవి. పొడుల డబ్బాలు ఇప్పుడే కొనకు.

ముందు మీ డాక్టరమ్మను అడుగు. సిజేరియను అయినదానివి, పొట్ట కండరాలు ఎలా ఉన్నాయో ఆవిడ చూసి చెబుతారు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు. కీలులో పోటు వస్తే ఆపెయ్. మర్నాడు కండ సలుపు మాత్రం మామూలే. మీ అపార్ట్‌మెంటు కిందే జిమ్ము ఉంది, మంగళవారం, శుక్రవారం ముప్పావు గంట చాలు. ఆ రెండు సాయంత్రాలూ కన్నయ్యను చూసుకుంటానని అల్లుడు గారు నాకు మాట ఇచ్చారు. నీకు చెప్పకుండా ఆయనతో మాట్లాడినందుకు కోప్పడకు.

దసరా సెలవులకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. ఆవకాయ, అరిసెలు, నువ్వడిగిన బెల్లం అన్నీ కలిపి సంచి బరువే అవుతుంది. స్టేషన్లో ఎవరూ అందుకోవద్దు.

ఈలోగా ఒక పని చేసిపెట్టు. కన్నయ్యను ఒకసారి తూచి బరువు ఎంతో రాయి. కిందటిసారి 11 కిలోలున్నాడు, ఇప్పుడు ఇంకా పెరిగి ఉంటాడు. అంత బరువు కెటిల్‌బెల్‌ను, అంటే పిడి ఉన్న ఇనుప గుండును, నేల మీద కూర్చుని ఒడిలోకి తీసుకుని, చెయ్యి ఎక్కడా ఆనించకుండా లేవడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటాను.

మీ అమ్మ