కషాయంతో మలేరియా కట్టడా?

సంపాదకుడు గారికి,

గతవారం మీ ఆరోగ్య పేజీలో మలేరియా వ్యాసం చదివాక రాయక తప్పలేదు. ఇమ్యూనిటీ పెంచుకుంటే చలిజ్వరం దగ్గరికే రాదట! పసుపు, మిరియాల కషాయం రెండు పూటలా తాగమన్నారు. తాగండి, కాదనను. కానీ మలేరియా క్రిమి బతుకంతా మన ఇమ్యూనిటీ కళ్లుగప్పడం మీదే నడుస్తుంది.

ఆ క్రిముల్లో ఫాల్సిపారం అనే రకం ఎర్రకణంలో దూరి, కణం పైకి ఒక ప్రోటీన్‌ను పంపుతుంది. దాంతో ఆ కణం సన్న రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది. అతుక్కోకపోతే ప్లీహంలో వడపోతకు దొరికిపోతుంది మరి. ఆ ప్రోటీన్‌కు యాంటీబాడీలు తయారయ్యేసరికి, తన దగ్గరున్న సుమారు 60 జన్యువుల్లోంచి ఇంకోటి బయటికి తీసి వేషం మార్చేస్తుంది. క్రిమి హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలే గోధుమరంగు చెత్తను తెల్లకణాలు మింగుతాయి. రక్తపూతను మైక్రోస్కోపు కింద పెడితే వాటి కడుపులో ఆ నలుసులు కనబడతాయి. అలా నిండిపోయిన కణం తర్వాత వచ్చే బాక్టీరియాను సరిగ్గా చంపలేదు. ఆఫ్రికాలో మలేరియా వచ్చిన పిల్లల రక్తంలోకి సాల్మొనెల్లా అనే బాక్టీరియా పాకి ప్రాణం తీయడానికి ఇదీ ఒక కారణమే. దీనికి మిరియాలేం చేస్తాయి?

వైవాక్స్ అనే రెండో రకం క్రిమిది ఇంకో తంతు. కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది. అలా దాక్కున్నదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు మింగాలి, పెద్దలకు రోజుకు 15 మిల్లీగ్రాములు. ముందు రక్తంలో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో పరీక్ష కావాలి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇవ్వకూడదు. మూత్రం నల్లబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. మూడో రోజుకు జ్వరం తగ్గగానే మిగతా మాత్రలు అటకెక్కుతాయి. ఈ ముక్క మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

అధికారుల సంగతి సరేసరి. ఏటా ఆగస్టు 20న, 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టాడంటూ బ్యానర్లు, ఫొటోలు. మన్యంలో ఇళ్ల గోడలకు దోమల మందు పిచికారీ మాత్రం వానలు ముదిరాక. అదీ పండగ ముందు కొడితే, జనం గోడలు అలికేస్తారు, మందు మట్టి కిందికి పోతుంది. ఫలానా రోజుల దాకా అలకొద్దని ముందే చెప్పేవాడుండడు.

రక్తపు చుక్కతో మలేరియా ఉందో లేదో చెప్పే పరీక్ష కిట్ల గొడవ చూడండి. ఫాల్సిపారం తగ్గాక కూడా కిట్ పట్టీ మీద ‘మలేరియా ఉంది’ అనే గీత వారాల తరబడి కనిపిస్తుంది. అది చూసి మళ్లీ కోర్సు మొదలెడతారు. తేల్చుకోవాలంటే రక్తపూతే చూడాలి. చూసే టెక్నీషియన్ పోస్టు ఖాళీ. కిట్లు కొంటే బిల్లవుతుంది, మనిషిని పెడితే నెలనెలా జీతం ఇవ్వాలి కదా!

– ఒక విశ్రాంత మలేరియా ఉద్యోగి, పాడేరు