ఏస్‌ల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకులకు,

నమస్కారం. మహేంద్రతనయ ఒడ్డున, ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న మీ పాఠకుణ్ణి. పాతపట్నం మీదుగా మీ పత్రిక మా వీధికి చేరేసరికి ఒక్కోరోజు పొద్దెక్కుతుంది. చేతికందగానే నేను ముందు తిప్పేది ఆటల పేజీ. అందులో టెన్నిస్ వార్తలు రాసే తీరు గురించి ఒక విన్నపం. ఫలానా ఆటగాడు ఇన్ని ఏస్‌లు (ఎదుటివాడి రాకెట్‌కు తగలకుండా దూసుకుపోయే సర్వీసులు) సంధించాడు, ప్రత్యర్థి ఇన్ని అనవసర తప్పిదాలు (ఎదుటివాడి ఒత్తిడి లేకుండా తానే చేసే తప్పులు) చేశాడు అని చెప్పి ఊరుకుంటున్నారు. గెలుపు ఎలా వచ్చిందో వీటివల్ల తెలియకపోగా, ఒక్కోసారి అపోహ కలుగుతోంది.

2019 వింబుల్డన్ ఫైనల్‌నే తీసుకోండి. ఫెడరర్ 25 ఏస్‌లు, 94 విన్నర్లు (ఎదుటివాడు అందుకోలేని దెబ్బలు) కొట్టగా, జొకోవిచ్ 10 ఏస్‌లు, 54 విన్నర్లతో సరిపెట్టుకున్నాడు. మొత్తం పాయింట్లలోనూ 218–204తో ఫెడరర్‌దే పైచేయి. కప్పు మాత్రం 7-6, 1-6, 7-6, 4-6, 13-12తో జొకోవిచ్‌కు దక్కింది. మర్నాడు టీ బడ్డీ దగ్గర నేను ఈ అంకెలు చెబితే, బల్ల మీద పక్కన కూర్చున్నాయన "ఏటి మాస్టారూ, ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నోడు ఓడిపోడమేటి, అచ్చుతప్పేమో సూడండి" అన్నాడు. అచ్చుతప్పు కాదు. 6-1తో గెలిచిన రెండో సెట్‌లో ఫెడరర్ పోగుచేసుకున్న పాయింట్లన్నీ ఒక్క సెట్టు కిందే జమయ్యాయి. జొకోవిచ్ గెలిచిన మూడు సెట్లూ టైబ్రేక్‌లో, అంటే గేములు సమమైనప్పుడు సెట్టును తేల్చే చివరి పోరులో, తేలినవే, ఆ మూడింటిలోనూ అతడు ఒక్క అనవసర తప్పిదం చేయలేదు. అసలు ఘట్టంలో సాహసం తగ్గించి, బంతిని కోర్టులోనే నిలబెట్టి, తప్పు చేసే భారం ఎదుటివాడి మీదికి నెట్టడం కూడా వ్యూహమే. మ్యాచ్ మొత్తాన్ని కలిపి కూడిన అంకెల్లో అది కనపడదు. ఇదొక్కసారి జరిగిన వింత కూడా కాదు. 2010లో 11 గంటల 5 నిమిషాలు సాగిన ఇస్నర్–మహు మ్యాచ్‌లోనూ ఓడిన మహుకే 502–478తో ఎక్కువ పాయింట్లు వచ్చాయి.

నేను కోరేది సర్వీసు లెక్క. లెక్కల మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ణి కనుక ఒక చిన్న ఉదాహరణ చెప్పనివ్వండి. ఒకడు 100 పాయింట్లకు సర్వీసు చేసి, అందులో 60 సార్లు మొదటి సర్వీసును సరిగా వేసి, వాటిలో ముప్పాతిక గెలిస్తే 45 పాయింట్లు వస్తాయి. తక్కిన 40 పాయింట్లలో, మొదటిది తప్పినప్పుడు దొరికే రెండో సర్వీసు మీద సగం గెలిస్తే మరో 20 కలిసి, మొత్తం 65 అవుతాయి. రెండోదాన్నీ మొదటిదానంత బలంగానే కొడితే? 40లో 24 లోపల పడతాయి, వాటిలో గెలిచేవి 18, మొత్తం 63. అంటే నెమ్మదిగా వేయడమే మేలు. కానీ రిటర్న్ (సర్వీసును తిప్పికొట్టడం) బాగా చేసే ప్రత్యర్థి ఎదురై, నెమ్మది సర్వీసు మీద 40కి 16 పాయింట్లే రాలుతుంటే, మొదటి సర్వీసు పదును తగ్గనంతవరకు, ఆ తెగింపు సర్వీసే రెండు పాయింట్లు ఎక్కువ తెస్తుంది. డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోగొట్టుకోవడం) పెరిగాయని మరుసటి రోజు మనం ఆక్షేపించే ఆట, నిజానికి లెక్క చూసుకుని ఆడిన ఆట కావచ్చు. నూటికి రెండు పాయింట్లేగా అని తీసిపారేయడానికి వీల్లేదు. తన సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచినా, పాయింట్లలో తాను గెలిచినవి 54 శాతమేనని ఫెడరరే 2024లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీ విద్యార్థులకు చెప్పాడు.

అనవసర తప్పిదాల అంకె మీద నాకు మొదటినుంచీ గురి లేదు. తప్పు అనవసరమైనదా, ఎదుటివాడు చేయించినదా అన్నది లెక్క రాసేవాడి కంటికి తోచినదాన్ని బట్టి ఉంటుంది. టీవీ ముందు నోటుబుక్కు పెట్టుకుని నేనూ మనవడూ విడివిడిగా గీతలు గీస్తే, మా ఇద్దరి మొత్తాలు ఏనాడూ కలవలేదు. సర్వీసు లోపల పడిందా లేదా అన్నదానికి ఆ పేచీ లేదు.

కాబట్టి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ మర్నాడైనా, ఇద్దరి మొదటి సర్వీసు శాతం, రెండో సర్వీసు మీద గెలిచిన పాయింట్లు, ఎన్ని బ్రేక్ పాయింట్లు (ఎదుటివాడి సర్వీసు గేమును గెలిచే అవకాశాలు) వస్తే ఎన్ని చిక్కించుకున్నారన్న వివరం రెండు వరుసల్లో వేయండి. క్రికెట్‌లో ప్రతి బౌలరు వేసిన ఓవర్లకూ, ఇచ్చిన పరుగులకూ చోటు దొరుకుతోంది కదా. మరీ చాలకపోతే విజేత కప్పును ముద్దాడే ఫొటోను ఒక అంగుళం కుదించినా మాకు అభ్యంతరం లేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా