ప్రసూతి గదిలోకి తోడును రానివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కాన్పుకు ఆసుపత్రికే రమ్మని ఊరూరా తిరిగి చెప్పాం. జనం విన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అలా నమ్మి వచ్చిన ఆడమనిషిని తలుపు దగ్గరే తనవాళ్ల నుంచి వేరుచేసి ఒంటరిగా లోపలికి పంపే అలవాటు మాత్రం చాలాచోట్ల పోలేదు.

ప్రసూతి గదుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సుగా ఇది రాస్తున్నాను. తొలిచూలు పిల్ల నొప్పులకు తాళలేక మంచం కడ్డీ పట్టుకుని "అమ్మా" అంటుంది. ఆ అమ్మ గోడ అవతలే, వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. లోపల ఆ పిల్లకు వినిపించేది "అరవకు", "అప్పుడు తెలియలేదా?" అన్న మాటలు. ఒక్కోసారి తొడ మీద దెబ్బ. తెర లాగకుండానే పరీక్షలు. ఇవన్నీ నేను కళ్లారా చూశాను. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు నలుగురైదుగురిని చూసుకోవాల్సి వస్తే ఓపిక నశిస్తుందని నాకు తెలుసు. అయినా నొప్పులు పడుతున్న మనిషిని తిట్టడానికి అది కారణం కాకూడదు. నడుము రుద్దడానికి, గుక్కెడు నీళ్లు తాగించడానికి ఇంటిమనిషి పక్కనుంటే తల్లి కుదుటపడుతుంది, నర్సుకూ కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

కాన్పు సమయంలో తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సూచించింది. చివరిదాకా తోడున్న తల్లులకు సిజేరియన్ అవసరం తగ్గుతుందని అధ్యయనాలు తేల్చాయి. అదే 2019-21 సర్వేలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లేనని తేలిన రాష్ట్రంలో దీన్ని ఎలా పక్కన పెడతాం?

గది ఇరుకు, పక్క మంచం మీద మరో స్త్రీ ఉంటుంది అంటారు. నిజమే. అందుకు మంచానికో తెర కట్టించాలి గానీ, తోడొచ్చిన మనిషిని బయట నిలబెట్టడమేమిటి?

ఇంకొక మాట. 2017లోనే మన రాష్ట్రం నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (సహజ కాన్పు చేయించే విద్య) శిక్షణ మొదలుపెట్టింది. అటూఇటూ నడవనివ్వడం, తనకు అనువుగా కూర్చోనివ్వడం, ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడం వాళ్లు నేర్చుకున్న విద్య. వారిని వేరే వార్డుల్లో వేయకుండా ప్రసూతి గదిలోనే ఉంచాలి, వారి మాటకు వైద్యులు విలువ ఇవ్వాలి.

తల్లి కోరుకున్న ఒకరు పక్కన ఉండవచ్చని ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ప్రసూతి గది తలుపు మీద తెలుగులో రాయించమని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, వరంగల్