వయసు చూసి తలుపు మూస్తే ఎలా?

సంపాదకునికి,

ఉద్యోగ ప్రకటనల్లో '35 ఏళ్లు మించరాదు' అన్న షరతు బాహాటంగానే కనిపిస్తుంది. కనిపించనిది మరొకటి ఉంది: దరఖాస్తులో డిగ్రీ పూర్తయిన సంవత్సరం అడగడం. ఆ నాలుగంకెలు చూశాక మిగతా పేజీ చదివేవారు తక్కువ. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి గతీ అంతే. కొత్త సాఫ్ట్‌వేర్ శిక్షణకు పేర్లు రాసేటప్పుడు 50 దాటినవారిని పక్కన పెడతారు. ఆ తర్వాత 'కొత్తవి నేర్చుకోలేరు' అని తీసేస్తారు. నేర్పనిది ఎవరు?

చట్టాలు లేకపోలేదు. అమెరికాలో 40 నిండిన ఉద్యోగుల రక్షణకు 1967లోనే చట్టం చేశారు. 65 ఏళ్లు నిండాయని ఉద్యోగిని ఇంటికి పంపే వీలున్న నిబంధనను బ్రిటన్ 2011లో ఎత్తివేసింది. అయినా నియామకాల్లో వివక్షను రుజువు చేయడం గగనమే. కాదన్నవారు అసలు కారణం చెప్పరు కదా! అందుకే దరఖాస్తులో పుట్టిన తేదీ, చదువు ముగిసిన ఏడాది అడగడాన్ని నిషేధించాలి. శిక్షణ ఎవరికిచ్చారో, ఎవరిని తొలగించారో పెద్ద సంస్థలు వయసులవారీగా ఏటా ప్రకటించాలి.

పెద్దలు కదలకపోతే యువతకు చోటెక్కడిదని కొందరి వాదన. ఉద్యోగాల సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉండదు. సంపాదించేవారు ఖర్చు పెడితే మరికొన్ని పుడతాయి. బరువులెత్తే పనుల్లో ఉన్నవారికి మాత్రం పని మార్చుకునే వెసులుబాటు, కోరుకుంటే ముందుగా విరమించే హక్కు రెండూ కావాలి.

— ఒక పాఠకుడు