వార్షిక నివేదిక: మోకాలు వాస్తే అది రక్తస్రావమేనా?

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, రక్తదాన శిబిరాలు, ఫిజియోథెరపీ తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఈసారి కమిటీ ఎక్కువగా పట్టించుకున్నది కీళ్లలో చీము పట్టే ఇన్ఫెక్షన్ గురించి.

హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న మన సభ్యుడొకరికి మోకాలు వాచింది. కీలులో రక్తస్రావంతో వచ్చే అలవాటైన నొప్పే కదా అని ఇంట్లోనే ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే మందు) ఎక్కించుకుని ఐస్ పెట్టుకున్నాడు. మామూలుగా అయితే దాంతో నొప్పి తగ్గుముఖం పట్టాలి. అతనికి తగ్గకపోగా చలిజ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో కీలు నుంచి తీసిన నీరు చిక్కగా, మడ్డిగా వచ్చింది. కల్చర్‌లో (శాంపిల్‌లోని క్రిములను పెంచి చూసే పరీక్షలో) స్టెఫిలోకాకస్ ఆరియస్ అని తేలింది. హీమోఫీలియా వాళ్ల కీళ్లకు ఎక్కువగా సోకేది ఈ బ్యాక్టీరియానే, ఎక్కువగా దెబ్బతినేదీ మోకాలే. పాత రక్తస్రావాలతో పాడైన కీలు, కృత్రిమ కీలు, పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

దీనిమీద డాక్టర్లతో పెట్టిన సదస్సులో అందరి టెన్షన్ ఒకటే: కీలులో సూది గుచ్చితే రక్తం ఆగుతుందా? అందుకే ముందు ఫ్యాక్టర్ ఇచ్చి, ఆ తర్వాతే నీరు తీస్తారు. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ తీయాలి, లేదంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) కుటుంబాలూ వచ్చాయి, వాళ్ల ప్రశ్నలకే సగం సమయం పట్టింది. పదేపదే రక్తం ఎక్కించడంతో ఒంట్లో పేరుకున్న ఐరన్ కొన్ని బ్యాక్టీరియాలకు మేత. వాటిలో యెర్సీనియా మరీ గడుసుది. ఐరన్ తగ్గించడానికి మనం వాడే డెస్‌ఫెరాల్ సాయంతోనే అది ఐరన్ అందుకుంటుంది. అందుకే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు ఉంటే ఆ మందు ఆపి వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఐరన్ తగ్గించే మరో మందు డెఫెరిప్రోన్ తెల్లరక్తకణాలను తగ్గించవచ్చు కాబట్టి, అది వాడేవాళ్లు జ్వరం రాగానే మందు ఆపి, అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. ప్లీహం తీయించుకున్నవాళ్లు ఏ జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

సదస్సు తర్వాత జేబులో పట్టే అత్యవసర కార్డు అచ్చువేయించాం. జబ్బు పేరు, ఫ్యాక్టర్ డోసు, పోర్ట్, ప్లీహం, ఐరన్ తగ్గించే మందు వివరాలు అందులో ఉంటాయి. అడుగున ఎర్ర అక్షరాల్లో, "ఫ్యాక్టర్ ఇచ్చినా తగ్గని వాపు, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానించండి. ఆస్పిరిన్, కండరానికి ఇంజెక్షన్ వద్దు" అని ఉంది. క్యాజువాలిటీలో కొత్త డాక్టర్‌కు ఇదంతా నోటితో చెప్పడం కంటే కార్డు చేతిలో పెట్టడం తేలిక.

కార్డు అందనివాళ్లు కార్యదర్శిని అడగండి. మందు గానీ డోసు గానీ మారితే పాతది ఇచ్చి కొత్తది తీసుకోండి.