మంత్రి గారూ, జారుడుబల్ల కింద నేలకు పద్దు ఎక్కడ?

రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పార్కులకు, వాటిని ఆనుకుని ఉన్న ప్రభుత్వ బడులకు ఆట పరికరాలు కొనడానికి మళ్లీ టెండరు పిలిచారు. పత్రం మొత్తం చదివాం. మల్టీ ప్లే స్టేషన్ (ఎక్కే మెట్లు, నిలబడే అంతస్తు, జారుడుబల్ల కలిసి ఉన్నది) ఒక సెట్టు, జంట ఊయల ఒకటి, తూగుడుబల్లలు రెండు, మెర్రీ గో రౌండ్ ఒకటి, బిగింపు ఖర్చుతో సహా అని రాశారు. అవి నిలబడే నేల గురించి ఒక్క ముక్క లేదు. కిందటిసారీ లేదు, అంతకుముందూ లేదు. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు రసీదులు మా దగ్గర ఉన్నాయి. సంబంధిత విభాగానికి పంపామన్న మెసేజీ తప్ప జవాబు రాలేదు. కాబట్టి అందరికీ తెలిసేలా మీకే రాస్తున్నాం. మాలో వ్యాయామ ఉపాధ్యాయులు, రిటైరైన ఇంజినీర్లు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపేవాళ్లు, అన్నిటికీ మించి తల్లిదండ్రులు ఉన్నారు.

ఆటస్థలంలో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందపడడం వల్లే. పడకుండా ఏ పరికరమూ ఆపలేదు. ఎక్కడం, జారడం, వేలాడడం ఉన్నచోట పడడమూ ఉంటుంది. అందుకే యూరప్‌వాళ్లు పరికరాలకు ఈఎన్ 1176 అని, కింద నేలకు విడిగా ఈఎన్ 1177 అని ప్రమాణాలు పెట్టుకున్నారు. తలకు తగిలే దెబ్బ తీవ్రతను కొలిచి, ఆ విలువ 1000 దాటని ఎత్తు ఎంతో అక్కడ తేలుస్తారు. పరికరం ఎత్తు ఆ హద్దు లోపలే ఉండాలి. నేల ఎంత మెత్తనిదైనా పడే ఎత్తు 3 మీటర్లు మించకూడదు. మన టెండరులో కంపెనీ ఈఎన్ 1176 సర్టిఫికెట్ తేవాలని రాశారు, సంతోషం. దాని జంట అయిన 1177 ఎక్కడ? సర్టిఫికెట్ ఉన్న జారుడుబల్లను సిమెంటు గచ్చు మీద నిలబెడితే ఆ కాగితం బిడ్డ తలను కాపాడదు.

ఇప్పుడు పార్కుల్లో జరుగుతున్నది ఇదీ. మొరం పోసి రోలరు తిప్పుతారు. రోడ్డుకు అది మంచి పద్ధతి, ఆటస్థలానికి కాదు. రోలరుతో తొక్కించిన మొరం ఎండాకాలంలో రాయిలా తయారవుతుంది. మరికొన్నిచోట్ల కాంక్రీటు వేసి దాని మీద పచ్చటి కృత్రిమ గడ్డి పరుస్తారు. కింద మెత్తటి పొర లేని ఆ గడ్డి చూడడానికే, దెబ్బను ఆపదు. ఇంకొన్నిచోట్ల 25 మిల్లీమీటర్ల రబ్బరు పలకలు అతికిస్తారు. ఎంత మందం పలక ఎంత ఎత్తుకు సరిపోతుందో తయారీదారు ఇచ్చే పరీక్ష పత్రంలో ఉంటుంది. దాన్ని అడిగినవాళ్లు లేరు. రెండు వేసవులు గడిచేసరికి జిగురు వదిలి పలకల మూలలు లేస్తాయి, పిల్లలు వాటికి తట్టుకుని పడతారు.

ఇసుక చాలు మంత్రి గారూ. ఖరీదైన రబ్బరు అన్నిచోట్లా వేయమని మేం అడగడం లేదు. కడిగిన ఇసుక, మట్టి లేనిది, రేణువు 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది కావాలి. 2 మీటర్ల ఎత్తు వరకు 200 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల వరకు 300. పిల్లల కాళ్ల కింద ఇసుక పక్కకు జరుగుతుంది కనుక దాని మీద ఇంకో 100 కలపాలి. రాళ్లు పిండిచేసి తయారుచేసే రోబో శాండ్ మాత్రం వద్దు. దాని రేణువులకు కోణాలుంటాయి, పొడి ఎక్కువ, రెండు వానలకే గట్టిపడి కూర్చుంటుంది. రేటు తక్కువని కాంట్రాక్టరు అదే పోస్తాడు, కాబట్టి రోబో శాండ్ కుదరదని టెండరులోనే రాయాలి.

లెక్క కూడా వేసి చూపిస్తాం. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న ప్లే స్టేషన్, అంతస్తు ఎత్తు 1.5 మీటర్లు అనుకోండి. చుట్టూ 1.5 మీటర్ల జాగా కలిపితే 9 మీటర్లకు 8 మీటర్లు, అంటే 72 చదరపు మీటర్లు. 300 మిల్లీమీటర్ల మందానికి 21.6 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. ట్రాక్టరుకు వంద ఘనపుటడుగుల చొప్పున దాదాపు 8 ట్రాక్టర్లు. జారుడుబల్ల దిగేచోట ముందువైపు 2 మీటర్లు వదలాలి కనుక ఇంకాస్త కలుస్తుంది. నల్లరేగడి నేలైతే ఇసుక కింద 100 మిల్లీమీటర్ల మందాన 20 ఎం.ఎం. కంకర, దాని మీద నీటిని వదిలి ఇసుకను ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ, నీళ్లు పోవడానికి ఒక గొట్టం ఉండాలి. లేకపోతే వానాకాలమంతా అది మడుగే. మొత్తం సెట్టు ధరతో పోలిస్తే ఇది పెద్ద ఖర్చా?

సామాను ముందు బిగించి, నేల సంగతి వచ్చే ఏడాది నిధుల్లో చూద్దామని మీ ఇంజినీర్లు అంటున్నారు. అది కుదిరే పని కాదు, ఈ ఒక్కటి దయచేసి వాళ్లకు గట్టిగా చెప్పండి. బిగించాక 300 మిల్లీమీటర్లు తవ్వితే పరికరాల కాంక్రీటు దిమ్మెలు బయటపడతాయి. తవ్వకుండా మీద ఇసుక పోస్తే ఊయల సీటుకు, నేలకు మధ్య ఉండాల్సిన 350 మిల్లీమీటర్ల ఖాళీ పోయి పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. పరికరం కాళ్లకు పోసే కాంక్రీటు దిమ్మె నెత్తి ఆడే నేలకు 400 మిల్లీమీటర్ల కింద ఉండాలి, అంచులు గుండ్రంగా దిద్దితే 200 అయినా సరే. ఇప్పుడు నేలకు సమానంగా పోసి, పైకి బోల్టులు వదిలేస్తున్నారు. బిడ్డ సరిగ్గా ఆ బోల్టు మీదే పడుతుంది. తవ్వకం, దిమ్మె, బిగింపు, కంకర, ఇసుక ఒకే ఎస్టిమేటులో, ఈ వరసలోనే రావాలి.

ఊయల జాగా గురించి విడిగా చెప్పాలి. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చేతిపుస్తకం ప్రకారం ఊయల వేలాడే బిందువు ఎంత ఎత్తులో ఉందో దానికి రెండింతల దూరం ముందూ వెనకా ఖాళీ ఉండాలి. 2.4 మీటర్ల ఎత్తు ఊయలకు మొత్తం 9.6 మీటర్లు. మన పార్కుల్లో ఊయల వెనక మూడడుగుల్లో ప్రహరీ, ముందు ఓపెన్ జిమ్ సామాను. ఒక చట్రానికి రెండు సీట్లు మించకూడదు. నాలుగు సీట్లు వేలాడదీస్తే మధ్య సీటు కోసం పిల్లలు ఊగుతున్న సీట్ల ముందునుంచే పరిగెడతారు. సీటు రబ్బరుదై ఉండాలి, ఇనుప పలక, చెక్క వద్దు. గొలుసు కడియం లోపలి సందు 8.6 మిల్లీమీటర్లు దాటితే చిన్న వేళ్లు అందులో నలుగుతాయి.

కటకటాల సందుల కొలత టేపుతో చూస్తే సరిపోతుంది, అదీ చూడడం లేదు. 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందు ఎక్కడా ఉండకూడదు. కాళ్లు ముందుపెట్టి దూరితే ఒళ్లు జారిపోతుంది, తల ఇరుక్కుంటుంది. అంతస్తు మీద బిడ్డ వేలాడితే కింద కాలు ఆనదు. జారుడుబల్ల నెత్తిన, రెండు పక్కల కలిసే చోట సన్నటి చీలిక ఉన్నా ప్రమాదమే. మన ఆడపిల్లల చున్నీలు, బడి పిల్లల ఐడీ కార్డు తాళ్లు అక్కడే చిక్కుకుంటాయి. అంగన్‌వాడీ పిల్లలకూ అయిదో తరగతి పిల్లలకూ ఒకే సెట్టు కొనే అలవాటు కూడా మానాలి. అడ్డుకమ్మి ఎత్తు చిన్నవాళ్లకు 29 అంగుళాలు సరిపోతుంది, బడి ఈడు వాళ్లకు 38 కావాలి.

పైపు విషయం. హెవీ డ్యూటీ అని రాస్తే అర్థం లేదు, ఏ పైపైనా ఆ పేరుతో వచ్చేస్తుంది. ఉక్కు పైపుల భారత ప్రమాణం ఐఎస్ 1239 మీడియం తరగతి, నీలి పట్టీ అని రాయండి. 40 ఎన్‌బీ (లోపలి వ్యాసం సుమారు 40 మిల్లీమీటర్లు) పైపుకు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు ఉంటుంది, లైట్ తరగతిలో 2.9. కోతలు, రంధ్రాలు, వెల్డింగులు అన్నీ అయ్యాకే ఐఎస్ 4759 ప్రకారం వేడి జింకులో ముంచాలి, ఆ తర్వాత పౌడర్ కోటింగు. నల్ల పైపు మీద నేరుగా పౌడర్ కోటింగు వేస్తే ఆరంభోత్సవం రోజు మెరుస్తుంది. తర్వాత వెల్డింగు దగ్గర, నేలను తాకే చోట తుప్పు మొదలవుతుంది. పైపు చివర మూత లేకపోతే లోపల నీళ్లు నిలిచి బయటికి కనపడకుండా తినేస్తుంది. మందం కొలిచే గేజీ, పూత కొలిచే గేజీ రెండూ చేతిలో పట్టేంతవే. ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) బిల్లు రాసే ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ప్రతి సెట్టులో కొన్నిచోట్ల కొలిచి ఆ అంకెలు రాయాలి. ఫైబర్ జారుడుబల్ల కొంటే పై పూత అరిగి గాజు నారలు తేలి తొడలకు గుచ్చుకుంటాయి. ఎండకు తట్టుకునే మందు కలిపి పోత పోసిన ఎల్‌ఎల్‌డీపీఈ ప్లాస్టిక్ నయం. అయినా మన మే నెల ఎండకు ఏదైనా కాలుతుంది. జారుడుబల్ల ముఖం ఉత్తరానికి పెట్టడానికి పైసా ఖర్చు లేదు. చెట్టు నీడ ఉన్న మూల ఉండగా, ఫొటోకు బాగుంటుందని గేటు ఎదుట ఎండలో పెట్టడం ఎందుకు?

చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ ఇసుకలో కదలలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మీకు తెలుసు. ప్రతి పార్కులో ఒక పరికరం వరకైనా, పోత రబ్బరు బాట ఉండేలా చూడండి.

ఇక నిర్వహణ. ఊయల గొలుసు తెగితే దాన్ని పైకమ్మికి చుట్టేసి వదిలేస్తారు. తూగుడుబల్ల బుష్ అరిగితే ఎవరో వెల్డరు ఇనుప కడ్డీ అతికించి వెళ్తాడు, దాని మొన బయటికే ఉంటుంది. కళ్లతో చూసే తనిఖీ తరచూ, బోల్టులూ బేరింగులూ తిప్పి చూసే తనిఖీ నెలకో మూడు నెలలకో, పూర్తి తనిఖీ ఏడాదికోసారి జరగాలని ఈఎన్ 1176 ఏడో భాగం చెబుతోంది. ఊయల కింద, జారుడుబల్ల దిగేచోట గుంట పడిన ఇసుకను వారానికోసారి పారతో సర్దాలి, గాజుపెంకులు ఏరాలి. తోటమాలికి ఆ పని రాతపూర్వకంగా అప్పగించండి. కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టి ఉంచే రిటెన్షన్ సొమ్ములో కొంత మూడేళ్ల నిర్వహణ పూర్తయ్యేదాకా ఆపండి. గొలుసులు, వాటిని తగిలించే షాకిల్స్, బుష్‌లు, సీట్లు ఒక విడి సెట్టు ముందే తీసుకోండి.

మంత్రి గారూ, ప్రతి అర్జీలోనూ ఇవే రాశాం. కొత్త పార్కులు అడగలేదు, పెద్ద సెట్లు అడగలేదు. డబ్బు చాలకపోతే నాలుగు పరికరాల బదులు రెండే కొనండి, ఆ రెండింటి కింద నేల సరిగా వేయండి. తక్కువ ధర వేసినవాడికే పని ఇవ్వాలన్న నిబంధన మాకూ తెలుసు. అందరూ ఒకే కొలతలకు ధర వేస్తేనే తక్కువ ధరకు అర్థం ఉంటుంది. ఇప్పుడున్న పత్రంలో కొలతలే లేవు. నేలను వదిలేసి, పైపును పలచన చేసినవాడే గెలుస్తాడు. నిజాయితీగా ఇసుకను లెక్కలో వేసుకున్నవాడు ఓడిపోతాడు.

బిడ్లు తెరిచేలోపు సవరణ నోటీసు ఇవ్వండి. నేలకు వేరే పద్దు, ఈఎన్ 1177 పరీక్ష పత్రం, పైపు తరగతి, ఊయల చుట్టూ ఖాళీ కొలతలు, మూడేళ్ల నిర్వహణ అందులో చేర్చండి. ఇప్పటికే బిగించిన చోట్ల దిమ్మెల బోల్టులకు మూతలు వేయించి, కాంక్రీటు మీద ఉన్న ఎత్తయిన జారుడుబల్లలను నేల సరిచేసేదాకా మూసి ఉంచండి. బడులకు సెలవులిస్తే పార్కులు నిండిపోతాయి, ఆ లోపే చేయండి. కొలతలు తీయడానికి టేపు, గేజీలు పట్టుకుని మేమే వస్తాం, మీ ఏఈ గారిని ఒక్క పూట పంపండి. ఈసారైనా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
పట్టణ తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు, పార్కు పరిరక్షణ సభ్యులు