కూల్చెయ్యమన్నావుగా, అందుకే రాస్తున్నా

ఒరేయ్,

మొన్న ఫోన్లో "అంత పాడుబడ్డ కొంపకి రిపేర్లేంట్రా, కూల్చేసి కొత్తది కట్టుకో" అన్నావు చూడు, అప్పుడు పైకప్పు పని జరుగుతోంది, ఆ చప్పుడులో నీకేం చెప్పలేకపోయా గానీ ఆ మాట రెండ్రోజులు మనసులో గుచ్చుతూనే ఉంది.

మొదటిసారి తాళం తీసినప్పుడు నాకూ గుండె జారిపోయిందిరా. ఏళ్ల తరబడి మనిషి మసలని మేడ కదా, పైన గదిలో పావురాల రెట్ట మడమల దాకా, మెట్ల మీద ఊడిపడ్డ పెళ్లలు, ఎటు చూసినా చెమ్మ వాసన. ఆ రెట్ట మాత్రం మాస్కులు పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపాకే ఎత్తించా, పొడిగా ఊడిస్తే ఆ దుమ్ములో ఉండే ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత వారం రోజులు గది గదీ తిరిగి చూస్తే తెలిసిందేంటంటే, ఇల్లు ఇలా అయిపోయింది అంతా నీళ్ల వల్లే. వెనక వైపు వాన నీళ్ల గొట్టం ఆకులతో పూడుకుపోయి, పైనుంచి వచ్చేదంతా గోడలోకే దిగింది. ఆ గోడలోకి వెళ్లిన దూలం చివర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది, రెండు జానెలు ఇవతల పొడిస్తే మొన కూడా దిగలేదు, టంగుమని మోగింది! పుచ్చినంత వరకు కోసి అదే రకం కర్ర అతికితే చాలన్నాడు వడ్రంగి. అందుకే ముందు కప్పు, గొట్టాలు, ఆ తర్వాతే మిగతావన్నీ.

అసలు నాకు కోపం తెప్పించింది కింద గది. ఎవరో ఎప్పుడో చెమ్మ కనపడకుండా సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. పాత ఇటుక, సున్నం గోడ చెమ్మని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుందిరా, దాని మీద సిమెంట్ పూసేసరికి ఆ దారి మూసుకుపోయి నీళ్లు లోపలే నిలిచిపోయాయి, ప్లాస్టర్ పెచ్చు లేపితే వెనక ఇటుక తెల్లగా ఉప్పు పట్టి, వేలితో రాస్తే పొడి పొడిగా రాలింది. మళ్లీ సిమెంటే కొడదాం, నాలుగు రోజుల్లో అయిపోతుందన్నాడు ఒక మేస్త్రీ, నేను ఒప్పుకోలేదు. ఇటుక పొడి కలిపిన సున్నంతో పొర మీద పొర వేయిస్తున్నా, సున్నం గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరగా ఆరిపోతే బీటలే, అందుకని తడి గోనెలు కప్పి రోజూ పొద్దున్నే నేనే నీళ్లు చల్లుతున్నా.

మెట్ల సంగతి విను. కింద నుంచి టార్చ్ వేసి చూస్తే ప్రతి మెట్టు చెక్క అడుగునా ఉలితో గాట్లు, ఒకటి, రెండు, మూడు అలా, ఏ చెక్క ఎక్కడ కూర్చోవాలో అప్పటి వడ్రంగి పెట్టుకున్న గుర్తులు. ఏడోదానికి మాత్రం గాటు లేదు, తర్వాత ఎవరో మార్చారన్నమాట. వాటిని చూశాక నాకు కూల్చే మాటే రాలేదు. కటకటాల్లో ఒక స్తంభం లేదు, పూలు చెక్కించి పెడదాం అనుకున్నా, కానీ అసలుది ఎలా ఉండేదో నాకు తెలీదు కదా. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో నిపుణులు రాసుకున్న నియమాలున్నాయి, 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ అని, అందులో రాశారు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని. అందుకే సాదా స్తంభం పెట్టించా, కొత్తదని చూడగానే తెలుస్తుంది.

పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడలో నిలువు బీట ఒకటుంది, దాని రెండు కొసల్లోనూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశా. ఇప్పటికి రెండు నెలలైంది, గీత దాటలేదు, అయినా ఇంకా కొన్నాళ్లు చూడందే పూడ్చను.

నువ్వు వచ్చేసరికి ముందు గది తలుపులు మిగిలుంటాయి. అయిదు రంగులున్నాయి వాటి మీద ఒకదాని కింద ఒకటి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి సాండ్ పేపర్ ముట్టుకోవద్దు, తడిపి గీకాలి. పాత బట్టలు తెచ్చుకో, మాస్క్ నేనిస్తా.

నీ కోసం చూస్తుంటా రా.